స్కీమా నుంచి టైపులు మాత్రమే తీస్తే సరిపోదు, తనిఖీ కోడ్ కూడా అక్కడి నుంచే రావాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సర్వర్ పైథాన్‌లో ఉంది, వెబ్ వైపు టైప్‌స్క్రిప్ట్. రెండింటి మధ్య తిరిగే డేటాకి 40 దాకా జేసన్ స్కీమా ఫైళ్లు (డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పేవి) ఉన్నాయి, కానీ వాటిని డాక్యుమెంట్ల లాగే చూస్తున్నారు. టైపులు, వ్యాలిడేషన్ (డేటా తనిఖీ) రెండు వైపులా చేత్తో రాస్తున్నారు. కొన్నాళ్లకోసారి ఒకవైపు మారి రెండోవైపు మారక ప్రొడక్షన్‌లో బగ్ బయటపడుతోంది. స్కీమా నుంచే కోడ్ జెనరేట్ చేసుకోవచ్చా, ఏ టూల్ వాడాలి, అలా వచ్చిన కోడ్‌ని రిపోలో (కోడ్ దాచుకునే చోట) కమిట్ చేయాలా అన్నది మీ ప్రశ్న.

చేసుకోవచ్చు. మీ పరిస్థితిలో అదే సరైన దారి. వెబ్ వైపు టైపుల కోసం జేసన్-స్కీమా-టు-టైప్‌స్క్రిప్ట్, తనిఖీ ఫంక్షన్ల కోసం ఏజేవీ (జేసన్ స్కీమాతో డేటాని తనిఖీ చేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ). పైథాన్ వైపు డేటామోడల్-కోడ్-జెనరేటర్‌తో పైడాంటిక్ 2 (డేటాని తనిఖీ చేసే పైథాన్ లైబ్రరీ) మోడళ్లు. వచ్చిన కోడ్‌ని కమిట్ చేయండి. టూల్ ఏదైనా సరే, ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి: టైపు, దాన్ని తనిఖీ చేసే ఫంక్షన్ రెండూ ఒకే స్కీమా నుంచి, ఒకే బిల్డ్‌లో పుట్టాలి. చాలా టీములు టైపుల దగ్గరే ఆగిపోతాయి. కొన్నేళ్ల క్రితం మేమూ అక్కడే ఆగిపోయాం, దాని ఫలితం కూడా చూశాం.

టైప్‌స్క్రిప్ట్ టైపులు కంపైల్ అయ్యేదాకే ఉంటాయి. జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడు అవన్నీ చెరిగిపోతాయి. జేసన్ పార్స్ ఫంక్షన్ తిరిగి ఇచ్చేది 'ఎనీ' టైపు, అంటే ఏదైనా కావచ్చు. దాని పక్కన 'యాజ్ ఆర్డర్' (దీన్ని ఆర్డర్ టైపుగా చూడు) అని రాస్తే కంపైలర్ మన మాట నమ్మి ఊరుకుంటుంది, లోపల ఏముందో చూడదు. స్కీమా నుంచి జెనరేట్ అయిన టైపు అయితే ఆ నమ్మకం ఇంకా ఎక్కువ. 'ఇది స్కీమా నుంచే వచ్చింది కదా' అని రివ్యూలో కూడా ఎవరూ అడగరు.

మాకు జరిగింది చెప్తాను. సర్వర్ వైపు పైడాంటిక్ 1 నుంచి 2కి మారాం. డెసిమల్ విలువని జేసన్‌లోకి రాసేటప్పుడు పాత వెర్షన్ సంఖ్యగా రాసేది, కొత్తది డిఫాల్ట్‌గా స్ట్రింగ్‌గా రాస్తుంది. వెబ్ వైపు టైపు 'నంబర్' అనే చెప్తోంది. కంపైలర్‌కి అభ్యంతరం లేదు, టెస్టుల్లో మేం చేత్తో రాసుకున్న నమూనా డేటాలో సంఖ్యలే ఉన్నాయి. స్క్రీన్ మీద మాత్రం 450కి 40 కలిపితే 45040 వచ్చింది, ఎందుకంటే రెండు స్ట్రింగులు పక్కపక్కన అతుక్కున్నాయి. స్కీమాలో ఆ ఫీల్డ్ 'నంబర్' అని స్పష్టంగా రాసి ఉంది. ఆ స్కీమా నుంచే వచ్చిన తనిఖీ ఫంక్షన్ ఒక్కటి సర్వర్ జవాబు మీద నడిచి ఉంటే మొదటి రిక్వెస్ట్‌లోనే ఎర్రర్ వచ్చేది. దగ్గర స్కీమా ఉండి కూడా దాన్ని సగమే వాడుకున్నాం.

ఇక టూల్స్ ఎలా పనిచేస్తాయో కొంచెం తెలుసుకోండి, ఎంపిక సులువవుతుంది. ఏజేవీ మీ స్కీమాని చదివి, ప్రతిసారీ దాని మీద నడుస్తూ పోలిక చూడదు. స్కీమాని ఒకసారి జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌గా కంపైల్ చేస్తుంది, తర్వాత ఆ ఫంక్షనే నడుస్తుంది. అందుకే అది వేగంగా ఉంటుంది. కానీ ఆ కంపైల్ పని బ్రౌజర్‌లో జరిగితే చిక్కు ఉంది. మీ సైట్‌లో కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (పేజీలో ఏ కోడ్ నడవొచ్చో బ్రౌజర్‌కి చెప్పే నియమాలు) గట్టిగా ఉంటే, రన్‌టైమ్‌లో కోడ్ పుట్టించడాన్ని బ్రౌజర్ అడ్డుకుంటుంది. దీనికోసం పాలసీని సడలించకండి. ఏజేవీలో స్టాండ్‌అలోన్ పద్ధతి ఉంది. బిల్డ్ సమయంలోనే తనిఖీ ఫంక్షన్లని మామూలు ఫైలుగా రాసి ఇస్తుంది. బ్రౌజర్‌కి ఆ ఫైలు వెళ్తుంది, స్కీమా కంపైలర్ మొత్తం వెళ్లక్కర్లేదు. ఆ ఫంక్షన్‌కి టైప్ గార్డ్ సంతకం తగిలించాలి, అంటే 'ఇది నిజం అని తిరిగి వస్తే, ఈ విలువ ఆర్డర్ టైపే' అని కంపైలర్‌కి చెప్పే సంతకం. ఈ చిన్న అతుకు కోడ్‌ని కూడా చేత్తో రాయకండి. స్కీమా పేరునుంచి టైపు పేరు, ఫంక్షన్ పేరు కలిపి రాసే 50 లైన్ల స్క్రిప్ట్ సరిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టం ఉన్న చోటికి వద్దాం. స్కీమా భాష, టైపుల భాష ఒకటి కావు. స్కీమాలో చెప్పగలిగినవి చాలా టైపుల్లో చెప్పలేం. జెనరేటర్లు అలాంటివాటిని చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తాయి. ఎక్కడ వదిలేస్తాయో ముందే తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఫీల్డ్ లేకపోవడం, ఫీల్డ్ ఉండి నల్ కావడం వేర్వేరు. జేసన్ స్కీమాలో 'ప్రాపర్టీస్' కింద రాసినంత మాత్రాన ఆ ఫీల్డ్ తప్పనిసరి కాదు, 'రిక్వయర్డ్' జాబితాలో కూడా ఉండాలి. ఉండకపోవచ్చు అన్న ఫీల్డ్‌కి నల్ పంపితే, టైపులో నల్ లేనప్పుడు అది తప్పే. పైథాన్‌లో ఈ రెండూ తేలిగ్గా కలిసిపోతాయి. మోడల్‌లో 'ఆప్షనల్, డిఫాల్ట్ నన్' (నన్ అంటే పైథాన్‌లో నల్) అని రాస్తాం, బయటికి రాసేటప్పుడు లేని ఫీల్డ్ కాస్తా నల్‌గా వెళ్తుంది, వెబ్ వైపు తనిఖీలో పడిపోతుంది. ఏది కావాలో స్కీమాలో నిర్ణయించి, రాసేటప్పుడు నన్ విలువలని వదిలేయమని పైడాంటిక్‌కి చెప్పండి. మీ స్కీమాలు ఓపెన్ ఏపీఐ ఫైల్ (సర్వర్ ఏపీఐని వివరించే ఫైల్) నుంచి వస్తుంటే వెర్షన్ చూసుకోండి. 3.0లో 'నల్లబుల్' అనే సొంత పదం ఉండేది, మామూలు జేసన్ స్కీమా టూల్‌కి అది తెలియదు. 2021లో వచ్చిన 3.1లో దాన్ని తీసేసి, జేసన్ స్కీమా 2020-12 వెర్షన్‌తో కలిపేశారు.

తెలియని ఫీల్డ్ వస్తే ఏం చేయాలి? నన్ను బాగా ఏడిపించిన విషయం ఇదే. జేసన్ స్కీమాలో ఏమీ చెప్పకపోతే అదనపు ఫీల్డులకి అనుమతి ఉన్నట్టే. ఏజేవీ వాటిని అలాగే ఉంచుతుంది. పైడాంటిక్ డిఫాల్ట్‌గా వాటిని పట్టించుకోదు, మోడల్‌లోకి తీసుకోదు. జాడ్ (టైప్‌స్క్రిప్ట్‌లోనే స్కీమా రాసి తనిఖీ చేసే లైబ్రరీ) అయితే ఫలితం లోంచి తీసేస్తుంది. అంటే ఒకే స్కీమాకి టూల్‌ని బట్టి వేర్వేరు ప్రవర్తనలు. మాకు ఒక సెట్టింగుల పేజీ ఉండేది. మొత్తం ఆబ్జెక్ట్ చదివి, ఒక ఫీల్డ్ మార్చి, మొత్తాన్ని తిరిగి సర్వర్‌కి పంపేది. చదివేటప్పుడు జాడ్ తనిఖీ నడిచేది. సర్వర్ టీమ్ కొత్త ఫీల్డ్ చేర్చింది, వెబ్ వైపు ఇంకా కొత్త స్కీమా తీసుకోలేదు. యూజర్ వేరే సెట్టింగ్ ఏది మార్చినా కొత్త ఫీల్డ్ విలువ చెరిగిపోయేది. ఎక్కడా ఎర్రర్ లేదు. రెండు రోజులు డేటాబేస్‌లో వెతికాం, చివరికి అది తనిఖీ చేసే లైన్‌లోనే పోతోందని తేలింది. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: బయటి నుంచి సర్వర్‌లోకి వచ్చే రిక్వెస్టుల్లో తెలియని ఫీల్డ్ ఉంటే తిరస్కరిస్తాను. సర్వర్ నుంచి క్లయింట్‌కి వచ్చే జవాబుల్లో తెలియని ఫీల్డులని ముట్టుకోకుండా దాటనిస్తాను. చదివి తిరిగి రాసే చోట మొత్తం ఆబ్జెక్ట్ పంపకుండా మారిన ఫీల్డులే పంపిస్తాను.

'వన్‌ఆఫ్' వాడితే గుర్తు ఫీల్డ్ తప్పనిసరి. వన్‌ఆఫ్ అంటే ఇచ్చిన వాటిలో సరిగ్గా ఒక్కటే సరిపోవాలి. రెండు సరిపోయినా ఫెయిలే. రెండు రకాల ఆబ్జెక్టులు ఉండి, రెండింటిలోనూ తప్పనిసరి ఫీల్డులు ఒకటే అయితే, మిగతావి ఐచ్ఛికమైతే, ఒకే డేటా రెండింటికీ సరిపోతుంది. టైప్‌స్క్రిప్ట్ యూనియన్‌కి ఇది సమస్యే కాదు, ఎందుకంటే దాని యూనియన్ ఎనీఆఫ్ (కనీసం ఒకటి సరిపోతే చాలు) లాంటిది. కాబట్టి టైపు ఒప్పుకున్న డేటాని తనిఖీ కోడ్ తిప్పికొడుతుంది. ప్రతి రకంలోనూ 'కైండ్' లాంటి ఒక ఫీల్డ్ పెట్టి, దానికి 'కాన్స్ట్'తో స్థిరమైన విలువ ఇచ్చి, దాన్ని రిక్వయర్డ్‌లో చేర్చండి. అప్పుడు టైప్‌స్క్రిప్ట్‌లో ఆ ఫీల్డ్ మీద స్విచ్ రాస్తే ప్రతి శాఖలో సరైన టైపు దొరుకుతుంది. ఎర్రర్ మెసేజీలు కూడా చదవగలిగేలా ఉంటాయి. గుర్తు ఫీల్డ్ లేకపోతే, ఐదు రకాలుంటే ఐదింటి ఎర్రర్ల గుట్ట వస్తుంది, అందులో ఏది అసలుదో కనిపెట్టలేం. ఏజేవీలో డిస్క్రిమినేటర్ ఆప్షన్‌ని, పైడాంటిక్‌లో డిస్క్రిమినేటర్ ఫీల్డ్‌ని ఆన్ చేస్తే సరిపోయే శాఖని మాత్రమే చూస్తాయి.

'ఫార్మాట్'ని నమ్మే ముందు ఒకసారి పరీక్షించండి. 'ఈమెయిల్', 'డేట్-టైమ్' అని రాస్తే తనిఖీ జరుగుతుందని అందరూ అనుకుంటారు. 2019-09 డ్రాఫ్ట్ (జేసన్ స్కీమా ప్రమాణం వెర్షన్లని డ్రాఫ్టులంటారు) నుంచి అది డిఫాల్ట్‌గా సమాచారం మాత్రమే. ఏజేవీలో 7వ వెర్షన్ నుంచి ఫార్మాట్లు వేరే ప్యాకేజీలోకి వెళ్లాయి, దాన్ని విడిగా చేర్చుకోవాలి. పైడాంటిక్ మోడల్ మాత్రం డేట్-టైమ్‌ని నిజమైన తేదీ ఆబ్జెక్ట్‌గా మార్చేస్తుంది. టైప్‌స్క్రిప్ట్‌లో అదే ఫీల్డ్ ఉత్త స్ట్రింగ్. ఈ తేడా టీమ్‌లో అందరికీ తెలిసి ఉండాలి.

పొడవుల్లో కూడా తేడాలున్నాయి. జేసన్ స్కీమాలో కనిష్ఠ, గరిష్ఠ పొడవులు యూనికోడ్ కోడ్ పాయింట్లలో (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఇచ్చిన సంఖ్యలు) లెక్క. 'తెలుగు' అనే మాట కంటికి 3 అక్షరాలు, కానీ గుణింతాలతో కలిపి 6 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. జావాస్క్రిప్ట్ లెంగ్త్ యూటీఎఫ్-16 యూనిట్లని లెక్కపెడుతుంది, తెలుగుకి అది కూడా 6 అనే చెప్తుంది కాబట్టి తేడా కనిపించదు. ఒక ఎమోజీ పెట్టి చూడండి, కోడ్ పాయింట్ ఒకటే అయినా లెంగ్త్ 2 అంటుంది. ఏజేవీ కోడ్ పాయింట్లే లెక్కపెడుతుంది, జాడ్ లెంగ్త్‌ని వాడుతుంది. ఇంకో మాట, డిజైనర్ '20 అక్షరాలు' అంటే దాన్ని నేరుగా 20 అని స్కీమాలో పెట్టకండి. మన లిపిలో పేరు రాసుకునేవాళ్లకి ఆ హద్దు సగం పేరుకే అయిపోతుంది.

'ప్యాటర్న్' రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కూడా అంతే. స్కీమా ప్రకారం అది స్ట్రింగ్‌లో ఎక్కడ దొరికినా చాలు, మొత్తం సరిపోవాలంటే మొదట్లో, చివర్లో గుర్తులు మీరే పెట్టాలి. పైడాంటిక్ 2 డిఫాల్ట్‌గా రస్ట్ రెజెక్స్ ఇంజిన్ వాడుతుంది, అందులో లుక్అహెడ్ (ముందు వచ్చే అక్షరాలని చూసి తేల్చే సౌకర్యం) ఉండదు. వెబ్ వైపు పనిచేసిన ప్యాటర్న్ పైథాన్ మోడల్ లోడ్ అయ్యేటప్పుడే పడిపోతుంది. పైథాన్ సొంత ఇంజిన్‌కి మార్చుకునే సెట్టింగ్ ఉంది, కానీ ప్యాటర్న్‌నే సరళంగా రాయడం మేలు.

పెద్ద సంఖ్యల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మామూలు తనిఖీ కోడ్ పట్టుకోలేదు. జావాస్క్రిప్ట్‌లో భద్రంగా ఉండే అతిపెద్ద పూర్ణాంకం 9007199254740991. 64 బిట్ల ఐడీలు దాన్ని దాటగలవు. 9007199254740993 అని సర్వర్ పంపితే, పార్స్ అయ్యేసరికే అది 9007199254740992 అవుతుంది. తర్వాత తనిఖీ ఫంక్షన్ చూస్తే అది చక్కని పూర్ణాంకమే, ఎర్రర్ ఉండదు, కానీ అది వేరొకరి ఐడీ. పైథాన్‌లో పూర్ణాంకానికి హద్దు లేదు కాబట్టి సర్వర్ వైపు ఎవరికీ అనుమానం రాదు. ఐడీలని స్కీమాలోనే స్ట్రింగ్ చేయండి. ప్రోటోబఫ్ 3 (గూగుల్ తయారుచేసిన డేటా ఫార్మాట్) జేసన్‌గా రాసేటప్పుడు 64 బిట్ల పూర్ణాంకాలని స్ట్రింగులుగా రాసేది కూడా ఇందుకే.

పైడాంటిక్ విషయంలో ఇంకో హెచ్చరిక. మామూలుగా అది ఉదారంగా ఉంటుంది, '123' అనే స్ట్రింగ్ వస్తే 123 అనే పూర్ణాంకంగా మార్చుకుంటుంది. ఏజేవీ అలా మార్చదు, తప్పు అంటుంది. మీకు రెండు వైపులా ఒకే తీర్పు కావాలి కాబట్టి పైథాన్ మోడళ్లలో స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేయండి. యూఆర్ఎల్ పారామీటర్ల దగ్గర మాత్రం మార్పిడి అవసరం, అక్కడ అన్నీ స్ట్రింగులుగానే వస్తాయి కదా. ఆ మోడళ్లని వేరుగా ఉంచండి.

అన్నిటికంటే ముందు ప్రతి స్కీమా ఫైల్ పైన ఏ డ్రాఫ్ట్‌కి రాశారో ప్రకటించండి. డ్రాఫ్ట్ 4లో 'ఎక్స్‌క్లూజివ్ మినిమమ్' అవును-కాదు విలువ, డ్రాఫ్ట్ 6 నుంచి అది సంఖ్య. డ్రాఫ్ట్ 7 దాకా రెఫ్ (వేరే చోట రాసిన స్కీమాని చూపే పదం) పక్కన రాసిన ఏ నియమాన్నైనా పట్టించుకోరు, 2019-09 నుంచి పట్టించుకుంటారు. మీ 40 ఫైళ్లు వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు రాసి ఉంటే, జెనరేటర్ జోలికి వెళ్లక ముందే అన్నిటినీ ఒకే డ్రాఫ్ట్‌కి తెచ్చుకోండి. రెండు టూల్సూ బాగా అర్థం చేసుకునేది డ్రాఫ్ట్ 7 అని నా అనుభవం. ఏజేవీలో స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్‌గా ఉంటుంది, దానికి తెలియని పదం కనిపిస్తే ఆగిపోతుంది. విసుగొచ్చి దాన్ని ఆపేయకండి. 'రిక్వయర్డ్' స్పెల్లింగ్ తప్పుపడి ఏళ్ల తరబడి ఎవరూ గమనించని ఫైళ్లు అప్పుడే బయటపడతాయి.

'స్కీమా ఫైళ్లు ఎందుకు, జాడ్‌లో రాసి టైపు అందులోంచే తీసుకుంటే పోదా' అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. రెండు వైపులా టైప్‌స్క్రిప్టే అయితే నేనూ అదే చెప్తాను, జెనరేట్ చేసే అడుగే ఉండదు. మొత్తం పైథాన్ అయితే పైడాంటిక్‌నే మూలం చేసుకుని దాన్నుంచి స్కీమా తీయొచ్చు. కానీ మీకు రెండు భాషలున్నాయి, స్కీమాలు ఇప్పటికే ఉన్నాయి. ఒక భాష కోడ్‌ని మూలం చేస్తే ఆ టీమ్ కోడ్‌లో చేసుకున్న చిన్న సర్దుబాటు కూడా రెండో టీమ్ మీద పడుతుంది. అందరూ కలిసి చూసే మూడో చోట మూలం ఉంటే ఆ మార్పు గురించి ముందే మాట్లాడుకుంటారు.

రెండు వైపులా తీర్పు ఒకటేనని ఎలా తెలుస్తుంది? ప్రతి స్కీమా పక్కన రెండు ఫోల్డర్లు పెట్టండి: ఒప్పుకోవాల్సిన నమూనాలు, తిప్పికొట్టాల్సిన నమూనాలు. సీఐలో (ప్రతి మార్పుకీ దానంతటదే నడిచే బిల్డ్, టెస్టుల వ్యవస్థలో) పైథాన్, టైప్‌స్క్రిప్ట్ తనిఖీలు రెండూ అవే ఫైళ్ల మీద నడవాలి. తప్పు నమూనాల ఫోల్డరే ముఖ్యం. మంచి డేటాని ఒప్పుకోవడం ఖాళీ ఫంక్షన్ కూడా చేస్తుంది. స్కీమాలో ఉన్న ప్రతి నియమానికీ, దాన్ని మాత్రమే ఉల్లంఘించే ఒక్కో ఫైలు రాయండి. జెనరేటర్ ఏ నియమాన్ని మింగేసిందో అప్పుడే తెలుస్తుంది. మాకు 'ఇఫ్-దెన్' నియమాలు పైథాన్ మోడల్లో మాయమైన సంగతి ఇలాగే దొరికింది. అలాంటివి మోడల్‌లోకి రాకపోతే, పైథాన్‌లో కూడా ముందు స్కీమాతో నేరుగా తనిఖీ చేసి, తర్వాత మోడల్‌లోకి తీసుకోండి. రెండుసార్లు చూసినట్టవుతుంది, ఫర్వాలేదు.

రెండు ఫీల్డుల విలువలని పోల్చే నియమం, ఉదాహరణకు ముగింపు తేదీ ప్రారంభ తేదీ తర్వాతే ఉండాలి అన్నది, స్కీమాలో చెప్పలేం. అలాంటివి చేత్తోనే రాయండి, కానీ జెనరేట్ అయిన ఫైల్లో కాదు. పక్కన వేరే ఫైల్లో, తనిఖీ దాటిన టైపుని తీసుకునే ఫంక్షన్‌గా రాయండి. జెనరేట్ అయిన ఫైలుని ఒక్కసారి చేత్తో ముట్టుకున్నారంటే, తర్వాత దాన్ని మళ్లీ జెనరేట్ చేయడానికి అందరూ భయపడతారు.

కమిట్ చేయమని ఎందుకన్నానంటే, స్కీమాలో ఒక లైను మారితే రెండు భాషల్లో ఏం మారిందో రివ్యూ చేసేవాళ్లకి అక్కడే కనిపిస్తుంది. జెనరేటర్ వెర్షన్ పెంచినప్పుడు కూడా అంతే, ఒక ఐచ్ఛిక ఫీల్డ్ నిశ్శబ్దంగా తప్పనిసరి అయిపోతే డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడాలో) దొరుకుతుంది. దీనికి తోడు సీఐలో ప్రతిసారీ మళ్లీ జెనరేట్ చేసి, రిపోలో ఉన్నదానికి తేడా ఉంటే బిల్డ్ ఆపేయండి. జెనరేటర్ వెర్షన్‌ని లాక్ చేసి పెట్టండి, లేకపోతే ఒకరి మెషీన్‌లో ఒకలా, ఇంకొకరి మెషీన్‌లో ఇంకోలా వచ్చి ఆ తేడాలతోనే రోజు గడిచిపోతుంది.

మొదలుపెట్టేటప్పుడు 40 స్కీమాలకీ ఒకేసారి వెళ్లకండి. ఎక్కువ బగ్గులు తెచ్చిన ఒకదాన్ని తీసుకోండి. వెబ్ వైపు తనిఖీని నెట్‌వర్క్ జవాబు వచ్చే ఒకే చోట పెట్టండి, లోపలి ఫంక్షన్లన్నిట్లో కాదు. మొదటి రెండు వారాలు తనిఖీ ఫెయిలైనా డేటాని ఆపొద్దు, ఏ ఫీల్డ్ ఎందుకు ఫెయిలైందో లాగ్ చేయండి చాలు. ఫీల్డ్ దారి, నియమం పేరు మాత్రమే రాయండి, విలువ రాయొద్దు, అందులో యూజర్ల వ్యక్తిగత సమాచారం ఉండొచ్చు. స్కీమాకీ నిజంగా వచ్చే డేటాకీ ఇన్నేళ్లలో ఎంత దూరం పెరిగిందో ఆ లాగుల్లో కనిపిస్తుంది. చాలాసార్లు డేటా సరిగ్గానే ఉండి స్కీమాయే పాతబడి ఉంటుంది, అప్పుడు స్కీమాని సరిదిద్దండి. లాగులు ఖాళీ అయ్యాక తిరస్కరించడం ఆన్ చేసి, రెండో స్కీమాకి వెళ్లండి. ఎక్కడైనా వన్‌ఆఫ్ దగ్గర ఇరుక్కుంటే ఆ స్కీమా ముక్క ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.